చిన్న టర్బో పెట్రోలా, మామూలు 1.2నా? పదేళ్లు ఉంచుకునేవాళ్ల కోసం

మా పిన్ని కొడుకు దసరా ముందు ఫోన్ చేసి “అన్నయ్యా, మారుతి ఫ్రాంక్స్‌లో టర్బో తీస్కోనా, మామూలు 1.2 తీస్కోనా? ఒకసారి కొంటే పదేళ్లు కదపను, మధ్యలో ఇంజిన్ దింపాల్సొస్తే మాత్రం బిల్లు నీకే పంపిస్తా” అన్నాడు. ఐదు నిమిషాల్లో తేల్చేద్దాం అనుకున్నా, గంటన్నర పట్టింది. వాడికి చెప్పిందే ఇంకొంచెం కలిపి ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ మధ్య అందరూ ఇదే అడుగుతున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ బండ్లకి జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా, అప్పట్నుంచి షోరూముల్లో టర్బో వేరియంట్ మీద చెయ్యి పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. అసలు ఈ చిన్న టర్బోలు ఇన్ని రావడానికి కారణం కూడా ఆ 1200 సీసీ గీతే. గీత దాటితే పన్ను, దాటకుండా పికప్ కావాలంటే ఇంజిన్‌లోకి గాలి బలవంతంగా కుక్కాలి, టర్బో చేసేది అదే, అంతే కథ. మామూలు 1.2 అంటే టర్బో లేని 1.2 లీటర్ల ఇంజిన్.

ముందే నా మాట చెప్పేస్తా, తర్వాత చదివితే చదవండి లేదంటే లేదు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపడం, ఆఫీసు, కూరగాయలు, నెలకి ఆరేడొందల కిలోమీటర్లు, అదీ ఊళ్లోనే అయితే టర్బో వద్దు, మామూలు 1.2 తీస్కొని హాయిగా ఉండండి. వారానికోసారన్నా హైవే ఎక్కుతారు, నలుగురైదుగురు కూర్చుంటారు, ఘాట్ రోడ్లు తగుల్తాయి అంటే టర్బో తీస్కోండి, పదేళ్లు ఆడుతుంది, కానీ ఆయిల్ విషయంలో కంపెనీ చెప్పినదానికంటే మీరు కొంచెం చాదస్తంగా ఉండాలి. ఆ చాదస్తం మీకు లేదు, సర్వీస్ రెండు మూడు నెలలు లేటైనా పట్టించుకోను అనే రకం అయితే, హైవే ఉన్నా సరే టర్బో వద్దు. బండి కంటే ముందు మనమేంటో చూస్కోవాలి ఇందులో.

టర్బో అంటేనే త్వరగా పోతుంది అనే మాట మా నాన్న తరం నుంచి వింటున్నా. ఆ మాట అనేవాళ్ల ఇంట్లోనే డీజిల్ ఇన్నోవా, డీజిల్ స్విఫ్ట్ ఉంటుంది, అది రెండున్నర లక్షలు తిరిగి ఉంటుంది, దాంట్లో ఉన్నది టర్బో కాదా? ఇరవై ఏళ్లుగా మన రోడ్ల మీద తిరిగే డీజిల్ కార్లు దాదాపు అన్నీ టర్బోలే. అంటే టర్బో అనే సామానులో దోషం లేదు. తేడా ఎక్కడుందంటే వేడిలో ఉంది. డీజిల్ ఇంజిన్ నుంచి టర్బోలోకి వచ్చే పొగ గట్టిగా తోలినప్పుడు 750, 800 డిగ్రీల దగ్గర ఉంటే, పెట్రోల్‌లో 950 దాటుతుంది. ఆ పొగ తిప్పే టర్బో చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్లకి పైన తిరుగుతుంది, దాన్ని మోసేది బాల్ బేరింగ్ కూడా కాదు చాలా బండ్లలో, పల్చటి ఆయిల్ పొర మీద తేల్తూ తిరుగుతుంది. ఆ ఆయిలే ఇంజిన్‌లో తిరిగే ఆయిల్. ఇంజిన్‌లో ఉన్నది మూడున్నర నాలుగు లీటర్లు, అదే పిస్టన్‌కీ పని చెయ్యాలి, ఈ కొలిమికీ పని చెయ్యాలి. మామూలు 1.2లో అదే ఆయిల్‌కి ఈ రెండో డ్యూటీ లేదు.

విజయవాడ ఆటోనగర్లో నాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు, అరవై దాటాయి, టర్బోలు విప్పడమే ఆయన పని, లారీల దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు కార్లవి కూడా చేస్తున్నాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి బల్ల మీద రెండు చిన్న టర్బోలు పెట్టి ఉన్నాయి, నారింజకాయకంటే కాస్త పెద్దవి. “వేలు పెట్టి చూడు బాబూ” అన్నాడు. మొదటిదాని చక్రం పట్టుకుని పక్కలకి ఊపితే వెంట్రుకవాసి కదిలింది, ముందుకీ వెనక్కీ లాగితే అసలు కదల్లేదు. “ఇది బాగుంది, లక్షా పదివేలు తిరిగిన బండిది, గ్యాస్కెట్ కోసం విప్పాం.” రెండోది లాగితే కిటకిటమని ముందుకొచ్చింది, రెక్కల అంచులు గీసుకుపోయి ఉన్నాయి. అది 48 వేలు తిరిగిన బండిదంట. ఆయిల్ వచ్చే సన్న పైపు కోసి చూపించాడు, లోపల మాడిన పాలగిన్నె అడుగులా నల్లగా గట్టిగా గార పట్టి ఉంది, కన్నం సగం పూడిపోయింది. “రెండేళ్లు ఆయిల్ మార్చలా, మార్చినప్పుడు పక్క షాపులో దొరికింది పోశాడు, దీనికి టర్బో ఏం చేస్తది?” అన్నాడు. నేను ఎన్ని వీడియోలు చూసినా ఎక్కని విషయం ఆ పైపు ముక్క చూస్తే ఎక్కింది.

అందుకే ఆయిల్ గురించి కొంచెం సాగదీస్తా, ఓపిక పట్టండి. కొన్ని కంపెనీలు, ఉదాహరణకి స్కోడా, వోక్స్‌వ్యాగన్, 15,000 కిలోమీటర్లకి లేదా ఏడాదికి అంటాయి, మారుతి, హ్యుందాయ్ 10,000 లేదా ఏడాది. బుక్కులో ఉన్నది తప్పు కాదు, కానీ అదే బుక్కులో వెనకాల చిన్న అక్షరాల్లో దుమ్ము, ట్రాఫిక్, దగ్గర దగ్గర ట్రిప్పులు, ఎక్కువ వేడి ఉంటే ఇంకా ముందే మార్చాలని కూడా ఉంటుంది, మనోళ్లు ఆ పేజీ తిప్పరు. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా గంటసేపు ఏసీ వేసుకుని పాకే బండి, మే నెలలో బెజవాడ ఎండలో నిలబడే బండి, ఈ రెండూ ఆ చిన్న అక్షరాల లెక్కలోకే వస్తాయి. ఊళ్లో కిలోమీటర్లు తక్కువ కనిపిస్తాయి, ఇంజిన్ తిరిగిన గంటలు మాత్రం డబుల్. నా లెక్క ఏంటంటే టర్బోకి ఏడు వేల నుంచి ఎనిమిది వేలు, లేదా ఎనిమిది తొమ్మిది నెలలు, ఏది ముందొస్తే అది. ఏడాదికి అదనంగా అయ్యేది రెండున్నర మూడు వేలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు.

ఇంక ఏ ఆయిల్ అంటే, డబ్బా మీద బ్రాండ్ కాదు చూడాల్సింది, వెనకాల ఉండే గ్రేడు, అంటే ఆయిల్ ఎంత పల్చనో చెప్పే నంబరు. బుక్కులో 0డబ్ల్యూ-20 అంటే అదే, 5డబ్ల్యూ-30 అంటే అదే. “మన ఎండలకి చిక్కటిది పోద్దాం సార్, 20డబ్ల్యూ-40 సూపర్ ఉంటది” అనే మెకానిక్ దగ్గర టర్బో బండి అరనిమిషం కూడా ఉంచకండి, ఆయనకి డీజిల్ బొలేరో అలవాటు. రెండోది ఏపీఐ ఎస్‌పీ అని రాసి ఉందో లేదో చూడండి. ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, ఆయిల్ నాణ్యతకి వాళ్లిచ్చే గ్రేడుల్లో ఇది 2020లో వచ్చింది, దీని వెనకాల ఒక కథ ఉంది. చిన్న టర్బోల్లో, అందులోనూ పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజిన్లలో, తక్కువ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మీద ఎక్కువ బరువు లాగించినప్పుడు ప్లగ్ మంట పెట్టకముందే లోపల ఎక్కడో ఆయిల్ పెట్రోల్ కలిసిన చుక్క అంటుకుంటుంది. పిస్టన్ పైకి వస్తుండగానే పేలుడు, ఠక్కుమని సుత్తితో కొట్టినట్టు, ఒక్కోసారి పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోతుంది. ఆయిల్‌లో వేసే కాల్షియం మందులు దీన్ని పెంచుతున్నాయని తేలాక 2018లో ముందు ఎస్ఎన్ ప్లస్ అని ఒకటి, తర్వాత ఎస్‌పీ తెచ్చారు. కాబట్టి పాత స్టాకు ఎస్ఎన్ డబ్బా రెండొందలు తక్కువకి ఇస్తానంటే వద్దనండి.

ఇందులో డ్రైవర్ చేతిలో ఉన్నది కూడా ఉంది. మా పక్కింటాయన నలభై స్పీడులో టాప్ గేర్ వేసేస్తాడు, మైలేజ్ అంటాడు, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గేర్ దించకుండా ఎక్స్‌లేటర్ కిందకి తొక్కుతాడు, బండి గుర్రుగుర్రుమని వణుకుతుంటుంది. పాత మారుతీ 800కి అది చెల్లింది. టర్బోకి 1300 ఆర్‌పీఎం మీద ఫుల్‌గా తొక్కడం అంటే పైన చెప్పిన పేలుడుని పిలిచి పీట వేసినట్టే. ఒక గేర్ దించండి, 1800 దాటాక తొక్కండి, పోయేది వంద మిల్లీ పెట్రోల్ కూడా కాదు.

ఇప్పుడు పోలికకి వద్దాం. ఫ్రాంక్స్ మంచి ఉదాహరణ ఎందుకంటే ఒకే బండిలో రెండూ ఉన్నాయి, టయోటా టైజర్‌లో కూడా అవే. మామూలు 1.2 నాలుగు సిలిండర్లు, పవర్ 90 పీఎస్‌కి కొంచెం తక్కువ, టార్క్, అంటే లాగే బలం, 113 ఎన్ఎం, అదీ 4400 ఆర్‌పీఎం దగ్గర. 1.0 బూస్టర్‌జెట్ మూడు సిలిండర్లు, 100 పీఎస్, దాదాపు 148 ఎన్ఎం, 2000 ఆర్‌పీఎం నుంచే. పీఎస్ తేడా చూసి “పదే కదా” అనుకోకండి, అసలు తేడా ఆ 4400కీ 2000కీ మధ్య ఉంది. ఐదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్, శ్రీశైలం ఘాట్‌లో లారీ వెనకాల ఇరుక్కున్నారనుకోండి, 1.2ని సెకండ్ గేర్‌లో కేకలు పెట్టిస్తే గానీ ఓవర్‌టేక్ అవ్వదు, టర్బో థర్డ్‌లో మాట్లాడకుండా వెళ్లిపోతుంది. అలా చూస్తే ఆ రోడ్డు మీద కష్టపడేది 1.2 ఇంజినే. మైలేజ్ కంపెనీ లెక్కలో 1.2 మాన్యువల్‌కి 21.79, టర్బో మాన్యువల్‌కి 21.5, అంటే తేడా లేనట్టే ఉంటుంది. నిజంలో టర్బో మైలేజ్ మన కాలు మీద ఆధారపడుతుంది, హైవేలో 90 మీద పోతే 1.2కి దగ్గరగానే ఇస్తుంది, ఊళ్లో ఆగుతూ తొక్కుతూ పోతే 11, 12 కూడా చూస్తారు, అప్పుడు బంకులో ముఖం మాడుతుంది.

పదేళ్ల లెక్కలో 1.2 ఎక్కడ గెలుస్తుందంటే, చెడిపోడానికి సామాను తక్కువ. టర్బో లేదు, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు, దానికి పోయే రబ్బరు పైపులు లేవు, గట్టి ప్రెషర్ పెట్రోల్ పంపు లేదు. మీ ఊళ్లో ట్యాక్సీ స్టాండుకి వెళ్లి చూడండి, పెట్రోల్, సీఎన్‌జీ బండ్లన్నీ మామూలు ఇంజిన్లే, డిజైర్లు, వ్యాగనార్లు, రెండు లక్షలు దాటినవి లైన్లో నిలబడి ఉంటాయి. రూపాయి రూపాయి లెక్కేసుకునేవాడు ఏది కొంటున్నాడో చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. మిగతా సగం ఏంటంటే మనం ట్యాక్సీ తోలట్లేదు, పదేళ్లలో లక్షా ఇరవై వేలు తిప్పితే గొప్ప, ఆ దూరానికి సరిగ్గా చూసుకున్న టర్బో కూడా సరిపోతుంది.

టర్బోల్లో కూడా అన్నీ ఒకటి కాదు, ఇది షోరూంలో ఎవరూ చెప్పరు. నేను మూడు విషయాలు అడుగుతా: పెట్రోల్ ఎక్కడ కొడుతుంది, వాల్వుల్ని టైముకి తెరిపించే టైమింగ్‌కి బెల్ట్ ఉందా లేక చైన్ ఉందా, గేర్‌బాక్స్ ఏది.

పెట్రోల్ సంగతి. పాత పద్ధతిలో పెట్రోల్ వాల్వుల వెనకాల పడుతుంది, అది పడుతూ పడుతూ వాల్వుల్ని కడుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో నేరుగా సిలిండర్‌లోకి కొడుతుంది, పవర్ బాగుంటుంది, మైలేజ్ కొంచెం బాగుంటుంది, కానీ వాల్వుల్ని కడిగేవాడు లేడు, ఆయిల్ ఆవిరి వచ్చి వాటి మీద పేరుకుంటుంది. లక్ష దగ్గరికొచ్చేసరికి పొద్దున స్టార్ట్ చేస్తే తడబడటం, ఐడ్లింగ్‌లో ఊగడం మొదలవుతుంది కొన్నిటికి. బయట దేశాల్లో అక్రోటు తొక్కల పొడి గాలితో కొట్టి శుభ్రం చేస్తారు, మన దగ్గర పెద్ద ఊళ్లలో చేసేవాళ్లు వచ్చారు గానీ చిన్న ఊళ్లలో హెడ్ విప్పుదాం అంటారు. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్ 1.0 టర్బో, స్కోడా కైలాక్‌లో ఉండే 1.0 టీఎస్ఐ, ఫ్రాంక్స్ బూస్టర్‌జెట్ ఇవన్నీ డైరెక్ట్. టాటా నెక్సాన్ 1.2 టర్బో, నిస్సాన్ మ్యాగ్నైట్, రెనో కైగర్ 1.0 టర్బో పాత పద్ధతి. మహీంద్రా 3ఎక్స్ఓ తమాషా ఏంటంటే 1.2 టర్బోనే రెండు రకాలుగా అమ్ముతున్నారు, మామూలు ఇంజెక్షన్‌ది 111 పీఎస్, 200 ఎన్ఎం, డైరెక్ట్ ఇంజెక్షన్‌ది 131 పీఎస్, 230 ఎన్ఎం. పదేళ్లు ఉంచుకునేవాళ్లు నన్ను అడిగితే ఆ తక్కువదే చాలు అంటా, 200 ఎన్ఎం అంటే పాత డీజిల్ టార్క్, దాంతో ఏం తక్కువ మనకి? నెక్సాన్ టర్బోకి కంపెనీయే సీఎన్‌జీ పెట్టి 2024లో అమ్మింది, ఆ ఇంజిన్ కట్టుబడి సాదాగా ఉండటం అలాంటి చోట కలిసొస్తుంది.

బెల్టు, చైను. చైన్ అంటే జీవితాంతం అని, బెల్ట్ అంటే భయం అని మన దగ్గర ఒక నమ్మకం. అది పూర్తిగా నిజం కాదు. వోక్స్‌వ్యాగన్ వాళ్ల పాత 1.2 టీఎస్ఐకి చైనే ఉండేది, యూరప్‌లో ఆ చైన్ సాగిపోయి చాలామంది ఏడ్చారు, తర్వాత వచ్చిన తరం ఇంజిన్లకి వాళ్లు బెల్టుకి మారారు, ఇప్పుడు మన దగ్గర ఉన్న 1.0 టీఎస్ఐకి కూడా పొడి బెల్టే, దాని గొడవలు తక్కువ. నిజంగా భయపడాల్సింది మూడోదానికి, ఆయిల్‌లో మునిగి తిరిగే తడి బెల్టు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ 2012, 13, 14 మూడేళ్లు వరసగా ప్రపంచంలో మేటి ఇంజిన్ అని అవార్డు కొట్టింది, మన దగ్గర 2013లో ఎకోస్పోర్ట్‌లో వచ్చింది, అబ్బో అన్నాం అందరం. బెల్టు పదేళ్లు లేదా 2,40,000 కిలోమీటర్లు చూడక్కర్లేదన్నారు. తీరా ఏమైందంటే ఆయిల్‌లో పెట్రోల్ కలిసి, ఆయిల్ పాతబడి, బెల్టు రబ్బరు పొట్టు లేచి ఆ పొట్టంతా ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడటం మొదలైంది. ఆయిల్ పంపుని తిప్పే బెల్టు సంగతి వేరే, దాని టెన్షనర్ విరిగే ప్రమాదం ఉందని 2023 చివర్లో అమెరికాలో దాదాపు 1.4 లక్షల ఫోకస్, ఎకోస్పోర్ట్ బండ్లు వెనక్కి పిలిచారు. అక్కడ అమ్మిన ఎకోస్పోర్ట్‌లు మన చెన్నైలో తయారై ఓడెక్కి వెళ్లినవే, డల్లాస్‌లో కొన్న తెలుగువాళ్లకి కూడా ఆ ఉత్తరం వచ్చే ఉంటుంది. యూరప్‌లో ప్యూజో, సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్‌ది ఇదే కథ, చివరికి కంపెనీ 2024లో పదేళ్లు, 1,75,000 కిలోమీటర్ల దాకా వారంటీ పొడిగించాల్సి వచ్చింది. గమనించండి, ఈ రెండిట్లో గొడవ టర్బోతో మొదలవ్వలేదు. మొదలైంది బెల్టుతో.

గేర్‌బాక్స్ గురించి గట్టిగా చెప్తా, నా లెక్కలో ఆటోమేటిక్ టర్బోల్లో ఇంజిన్ కంటే ముందు జేబు ఖాళీ చేసేది ఇదే. డ్యూయల్ క్లచ్ అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ (డీఎస్‌జీ, డీసీటీ, డీసీఏ అన్నీ దాని పేర్లే) రెండు రకాలు, పొడి క్లచ్, ఆయిల్‌లో ఉండే తడి క్లచ్. పొడిది మన ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకితే వేడెక్కుతుంది, మనం మాన్యువల్ బండిలో సగం క్లచ్ మీద నిలబెడితే ఎలా వాసనొస్తుందో అదే. వోక్స్‌వ్యాగన్ పాత 7 గేర్ల పొడి డీఎస్‌జీ కోసం 2013లో చైనాలో 3.84 లక్షల బండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది, మన పోలో జీటీ టీఎస్ఐలో కూడా అదే కుటుంబం గేర్‌బాక్స్. ఇప్పటి వెన్యూ, సోనెట్ డీసీటీలు కూడా పొడి క్లచ్చే, తర్వాత తరం కాబట్టి నయమే అనుకోండి, అయినా రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో పాకేవాళ్లకి నేను చెప్పను. నెక్సాన్‌లో డీసీఏ తడి క్లచ్, కొంచెం నయం. ఫ్రాంక్స్ టర్బో, కైలాక్, 3ఎక్స్ఓ వీటిల్లో మామూలు టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా పవర్ అందించేది) 6 గేర్ల ఆటోమేటిక్, అదీ నాకు నచ్చింది, మొద్దుగా ఉంటుంది, కంగారుపడదు, మైలేజ్ కొంచెం తింటుంది, పదేళ్ల తర్వాత కూడా అలాగే మొద్దుగా ఉంటుంది. మాన్యువల్ తోలేవాళ్లకి ఈ పేరా అక్కర్లేదు.

నాదీ చిన్న టర్బో పెట్రోలే, ఏ కంపెనీ అనేది వదిలేయండి, ఇప్పటికి 94 వేలు తిరిగింది. టర్బోని ఇంతవరకు ముట్టుకోలేదు. కానీ నన్ను రోడ్డు మీద నిలబెట్టింది ఏంటో తెలుసా, కూలెంట్ పైపుకి ఉండే ఒక ప్లాస్టిక్ జాయింటు. మే నెల, మధ్యాహ్నం రెండింటికి, హైదరాబాద్ నుంచి వస్తూ సూర్యాపేట ఇంకా ఇరవై కిలోమీటర్లుందనగా టెంపరేచర్ లైటు ఎర్రగా వెలిగింది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. పక్కకి తీసి ఆపి బానెట్ ఎత్తితే బెల్లం పాకం కాగుతున్నట్టు తియ్యటి వాసన, కింద గులాబీ రంగు మడుగు. నేను ఆ క్షణమే ఆపాను కాబట్టి బతికిపోయా, “టోల్ దాటాక చూద్దాంలే” అనుకుని ఉంటే హెడ్ వంగేది, అప్పుడు తడిసి మోపెడయ్యేది. తర్వాత సర్వీస్ సెంటర్లో “ఇది అరుదు సార్” అన్నాడు, అదే రోజు కౌంటర్ మీద ఇంకో రెండు అవే జాయింట్లు ప్యాక్ చేసి ఉన్నాయి! అప్పట్నుంచి నెలకోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీద గీత చూడటం నాకు జబ్బైపోయింది. టర్బో బండిలో అది మీకూ అంటుకోవాలి, ఎందుకంటే ఇక్కడ కూలెంట్ ఇంజిన్‌నే కాదు, టర్బోని కూడా చల్లబరుస్తుంది.

దీనితో కలిపి ఇంకోటి, హైవేలో వంద మీద గంటసేపు కొట్టి దాబా దగ్గర ఆపగానే బండి కట్టేయకండి. ఇప్పటి బండ్లలో కొన్నిటికి ఇంజిన్ ఆగాక కూడా కూలెంట్ తిప్పే చిన్న మోటారు ఉంటుంది, అయినా అర నిమిషం, నిమిషం అలా వదిలి అప్పుడు ఆపండి. ఊళ్లో మెల్లగా వచ్చి ఇంటి ముందు ఆపితే ఇదేం అక్కర్లేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా లెక్కపెట్టే పిచ్చోళ్లని కూడా చూశా.

ఆయిల్ చెక్ చేసేటప్పుడు డిప్‌స్టిక్ వాసన కూడా చూడండి. లెవెల్ తగ్గడం అందరికీ తెలిసిన జబ్బు, లెవెల్ పెరిగితే “భలే, ఆయిల్ తాగట్లేదు” అని సంబరపడకండి, పెట్రోల్ వాసనొస్తే పెట్రోల్ దిగి కలుస్తోందని అర్థం. హోండా 1.5 టర్బోకి 2018 టైంలో ఉత్తర చైనాలో, అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఇదే పెద్ద గొడవైంది, ఇంజిన్ వేడెక్కేలోపే ట్రిప్పు అయిపోయి పెట్రోల్ ఆవిరవ్వకుండా ఆయిల్‌లో మిగిలిపోయేది. మన ఎండలకి అంత రాదు, కానీ రోజుకి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపి, మళ్లీ రెండు కిలోమీటర్లు వచ్చే బండిలో మన దగ్గర కూడా కొంచెం కలుస్తుంది. నేను స్కూలు బండికి టర్బో వద్దనేది ఇందుకే. ఉన్నవాళ్లు వారానికోసారి అరగంట సాగనిచ్చి తోలండి.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండి అయితే పైపులు, రబ్బర్లు దానికి తగ్గట్టే ఉంటాయి. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే, కాబట్టి మైలేజ్ కొంచెం పడుతుంది, అది టర్బోకైనా మామూలుదానికైనా ఒకటే. నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి అంటుకుని ఇంజిన్ టకటకమనడం) విషయంలో మాత్రం ఇథనాల్ టర్బోకి మేలే చేస్తుంది, ఆక్టేన్ ఎక్కువ కదా. అంతకుముందు బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే పెట్రోల్ పంపు, పైపులు ఒకసారి చూపించుకోండి.

సెకండ్ హ్యాండ్ అన్నాను కదా, ఇక్కడ నా మాట కటువుగానే ఉంటుంది. సర్వీస్ రికార్డు లేని టర్బో పెట్రోల్ ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. మామూలు 1.2 అయితే రికార్డు లేకపోయినా మంచి మెకానిక్ చూసి చెప్పగలడు, టర్బోలో రెండేళ్ల కింద ఏ ఆయిల్ పోశారో ఎవడు చూసి చెప్పగలడు? రికార్డు ఉంటే పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి, అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి ఉంచితే అక్కడే డౌటు పెట్టుకోండి. స్టార్ట్ చెయ్యగానే నీలం పొగ, ఆయిల్ మూత తీస్తే లోపల నల్లటి జిడ్డు ముద్ద, ఇంటర్‌కూలర్ పైపు జాయింట్ల దగ్గర కారిన ఆయిల్, తొక్కినప్పుడు పిల్లనగ్రోవిలా సన్నగా మొదలై పెద్దదయ్యే ఈల, వీటిల్లో ఏ ఒక్కటున్నా నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. స్టేజ్ వన్ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించాం, రాకెట్‌లా పోద్ది అన్నా అంతే, ఆ రాకెట్ వాళ్లే ఎక్కి పోనీండి. ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్ మీద చాలామంది కుర్రాళ్లకి మోజు ఉంది, తోలడానికి నిజంగానే బాగుంటుంది, కానీ ఫోర్డ్ 2021లోనే ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు చెప్పేసింది, బెల్టు మార్పించిన బిల్లు చూపిస్తే తప్ప దిగకండి.

కొత్తదాంట్లో నా ర్యాంకు అడిగితే, పదేళ్లు, హైవే ఎక్కువ అనే లెక్కలో: చిన్న ఊళ్లో ఉండేవాళ్లకి ఫ్రాంక్స్ టర్బో, ఎందుకంటే ఎక్కడ ఆగినా మారుతి వర్క్‌షాప్ దొరుకుతుంది, ఇంజిన్ గొప్పదని కాదు. బాగా తోలేవాళ్లకి, హైదరాబాద్, వైజాగ్, బెజవాడ లాంటి చోట ఉండేవాళ్లకి కైలాక్, 115 పీఎస్, 178 ఎన్ఎం, ఆరు గేర్లు, హైవేలో దానంత నిలకడగా పోయేది ఈ రేటులో లేదు, ఆయిల్ మాత్రం 15 వేల దాకా ఆగకుండా మధ్యలో ఒకసారి మీ డబ్బుతో మార్పించుకోండి. ఇంట్లో జనం ఎక్కువ, బరువు లాగాలి అంటే 3ఎక్స్ఓ 111 పీఎస్ టర్బో. తక్కువ బడ్జెట్‌లో టర్బోనే కావాలంటే మ్యాగ్నైట్ మాన్యువల్, ఇంజిన్ సాదా, కానీ మీ ఊరికి షోరూం ఎంత దూరమో ముందు చూస్కోండి. వెన్యూ, సోనెట్ తీస్కుంటే టర్బో మాన్యువల్ దొరికితే సరే. ఏది తీసుకున్నా ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనండి, మామూలు 1.2కి నేను కొనమని చెప్పను, టర్బోకి మాత్రం సీట్ కవర్ల డబ్బు మిగిల్చి అయినా కొనండి.

మా తమ్ముడి సంగతి. వాడిది గుంటూరు, పని మీద వారానికి రెండుసార్లు ఒంగోలు వెళ్లొస్తాడు, అత్తారిది కర్నూలు, అంటే నల్లమల ఘాట్ రోడ్డు ఎలాగూ ఉంది. సర్వీస్ మాత్రం చెప్పిన తేదీకి చేయిస్తాడు, బండి కడగడం కూడా వాడే. అందుకని టర్బో మాన్యువల్ తీస్కోమన్నా, తీస్కున్నాడు. మొన్న ఏడువేలు దాటగానే ఆయిల్ మార్పించమన్నా. సర్వీస్ అడ్వైజర్ “ఇంకా మూడువేలు టైముంది సార్, ఎవరు చెప్పారు మీకు” అన్నాడంట. అయినా మార్పించుకుని, డబ్బా వెనకాల ఎస్‌పీ అని ఉన్నది ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు, దాని కిందే బిల్లు, దాని కింద “అన్నయ్యా, నీ చాదస్తం ఖరీదు 2,640, ఫోన్‌పే చెయ్” అని.